మొలలేనని సరిపెట్టుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు మలంలో నెత్తురు కనబడితే ముందు వినబడే మాట "వేడి చేసింది, మొలలే". ఆపైన నెలల తరబడి మొలల మందు నడుస్తుంది. మొలలున్న మనిషి పెద్దపేగులో క్యాన్సర్ కణితి కూడా ఉండొచ్చు. నలభై దాటాక నెత్తురు పడుతున్నా, మగవారిలో గాని ముట్లుడిగిన ఆడవారిలో గాని ఇనుము లోపించి రక్తం తగ్గుతున్నా మలపరీక్షతో ఆగకుండా కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష) గురించి డాక్టరును అడగాలి.

ఏ బాధా లేనివారికే ముందస్తు పరీక్ష. పెద్దపేగు క్యాన్సర్ చాలావరకు పాలిప్ అనే చిన్న బొడిపెగా మొదలై, ముదరడానికి సుమారు పదేళ్లు పడుతుంది. ఈలోపు దొరికితే కొలనోస్కోపీలోనే తీగ ఉచ్చు బిగించి కోసేస్తారు. అమెరికా నిపుణుల సంఘం 2021లో ఈ ముందస్తు పరీక్ష మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కు తగ్గించింది. తల్లిదండ్రులకో తోబుట్టువులకో వచ్చి ఉంటే ఇంకా ముందే వెళ్లాలి.

అన్నిటికన్నా సులువైనది ఫిట్ అనే మలపరీక్ష, మలంలో కంటికి కనబడని నెత్తురును పట్టేది. ఏటా చేయించాలి, మాంసం మానక్కర్లేదు. మలం నీళ్లలో పడకుండా కాగితం మీద పట్టి, సీసా మూతకున్న పుల్లతో నాలుగైదు చోట్ల గీకాలి. పుల్ల మీది గాడులు నిండితే చాలు, ముద్దగా వేస్తే లెక్క తప్పుతుంది. మా వైపు అసలు చిక్కు ఎండతో. మే నెలలో సీసా సంచిలో పెట్టుకుని మూడు గంటలు బస్సులో వెళ్తే ఫిట్ వెతికే హిమోగ్లోబిన్ (నెత్తురులోని ఎర్ర పదార్థం) చెడిపోయి, నెత్తురున్నా లేదని రావచ్చు. ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంచి, వీలైనంత త్వరగా చల్లటి డబ్బాలో పంపాలి.

ఫిట్‌లో నెత్తురు తేలితే మళ్లీ ఫిట్ చేయించి "ఈసారి లేదుగా" అనుకోవడం పెద్ద పొరపాటు. పాలిప్ రోజూ నెత్తురు కార్చదు. కొలనోస్కోపీకే వెళ్లాలి.

కొలనోస్కోపీకి బరంపురం, విశాఖ వెళ్లేవారు పేగు శుభ్రం చేసే మందంతా ముందురోజు రాత్రే తాగేస్తారు, దారిలో ఇబ్బంది పడకూడదని. వారి భయం అర్థమవుతుంది. కానీ తెల్లారేసరికి పేగు కుడివైపు మళ్లీ జిగురు పేరుకుంటుంది, చదునైన పాలిప్‌లు దాని కిందే దాక్కుంటాయి. సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు తాగాలి. ఆ రాత్రి ఆసుపత్రి దగ్గరే బస చేయడం మేలు. రెండు మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, జామపండు, చోడి అంబలి మానాలి. ఐరన్ మాత్రలు, రక్తం పలచబరిచే మందుల సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. చివరికి విరేచనం లేత పసుపు నీళ్లలా అయితేనే పేగు శుభ్రమైనట్టు. అంతా బాగుంటే మామూలుగా మరో పదేళ్ల దాకా కొలనోస్కోపీ అక్కర్లేదు.

30 దాటినవారికి ప్రభుత్వం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు చేస్తోంది. ఫిట్‌ను కూడా చేర్చాలి. సరిహద్దు ఆరోగ్య కేంద్రాలకు సీసాలతో పాటు ఐస్ డబ్బాలు ఇవ్వాలి. పేగు శుభ్రం చేసే మందు ఎప్పుడెప్పుడు తాగాలో చెప్పే కాగితం ఒడియాతో పాటు తెలుగులోనూ అచ్చువేయాలి.

— ల్యాబ్ టెక్నీషియన్లు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా