పొయ్యి కట్టబోతున్న అబ్బాయికి

చిరంజీవి శ్రీనివాసుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వు, కోడలు, పాప క్షేమమని తలుస్తాను.

పెద్దత్తయ్య మనవడు మొన్న ఫోనులో, నువ్వు అమెరికాలో, ఆ వెర్మాంట్‌లో మీ పెరటి మేపుల్ చెట్ల రసం కాచి సిరప్ చేయబోతున్నావనీ, అందుకు కట్టెల పొయ్యి నీ చేతులతోనే కడుతున్నావనీ, దాన్ని కారు షెడ్డులో పెడుతున్నావనీ చెప్పాడు. మొదటి రెండు మాటలకూ సంతోషించాను. మూడోది వాడు సరిగా విన్నాడో లేదో నువ్వే చెప్పాలి. సంక్రాంతి వెళ్ళిన దగ్గరనుంచి నీ వద్దనుంచి ఒక్క కబురూ లేదు.

బావకు నువ్వు గీసి పంపిన పొయ్యి బొమ్మ చూశాను. 200 లీటర్ల ఇనుప డ్రమ్మును అడ్డంగా పడుకోబెట్టి, పైభాగం కోసి, దానిమీద పెనం కూర్చోబెట్టే పద్ధతి బాగుంది. లోపల మంట తగిలే చోట అగ్ని ఇటుకలు పేర్చు. వెనుకవైపు వాటినే ఏటవాలుగా లేపితే మంట పెనం అడుగును రాసుకుంటూ పోయి గొట్టంలోకి వెళుతుంది, లేకపోతే వేడి సగం ఊరికే పోతుంది. గాలి కట్టెల కిందనుంచి, ఇనుప జల్లెడ గుండా రావాలి. పొగగొట్టం ఎత్తు పెనం పొడవుకు రెండింతలైనా ఉండాలని అక్కడివాళ్ళే అంటారట. కట్టెలు బాగా ఎండినవి, మణికట్టు లావున చీల్చినవి, కొద్దికొద్దిగా, తరచుగా వెయ్యి.

మన చెరకు రసంలో తీపి అయిదో వంతుకు దగ్గరగా ఉంటుంది; మేపుల్ రసంలో నూటికి రెండు పాళ్ళే. అందుకే లీటరు సిరప్‌కు 40 లీటర్ల రసం కావాలి. అంటే నువ్వు కట్టేది నీళ్ళను ఆవిరిగా పంపించే యంత్రం. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉన్న పెనం మంట బాగా అందుకుంటే గంటకు సుమారు 30 లీటర్ల నీటిని ఎగరగొడుతుంది. ఆ ఆవిరంతా మూసిన షెడ్డులో ఎక్కడికి పోతుంది నాయనా? ఆవిరి మాట అటుంచు, పొగ సంగతి ఏమిటి?

తాతగారు బెల్లం వండించే రోజుల్లో ఒక పుష్యమాసంలో చలిగాలి విపరీతంగా వీచి, పనివాళ్ళు పాకకు నాలుగు వైపులా తాటాకు తడికెలు కట్టేశారు. పెనంలో రసం పొంగుతోంది. బెండ మొక్కల కాండం దంచిన జిగురు పోసి, పైకి తేలిన మడ్డిని తీస్తున్నారు. పొయ్యి నోటి దగ్గర కూర్చుని పిప్పి ఎగదోసే అప్పలస్వామి తలనొప్పిగా ఉందన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి వాడి మాట ముద్దముద్దగా వచ్చింది, చేతిలో పిప్పి పట్టుకునే పక్కకు ఒరిగిపోయాడు. తాతగారు చెరకు కత్తితో తడికెల తాళ్ళు తెగ్గొట్టి, వాణ్ణి భుజాలు పట్టి మంచులోకి ఈడ్చుకొచ్చారు. పాకం మాడి పెనం నల్లబడుతున్నా, గాలి ఆడేదాకా ఒక్కరినీ లోపలికి పోనివ్వలేదు. అప్పలస్వామి తేరుకునేసరికి తెల్లవారింది. తాటాకుల సందుల్లోంచి ఎంతో కొంత గాలి ఆడే పాకలోనే అలా జరిగింది. మీ షెడ్డుకు చలి చొరకుండా తలుపు బిగించి ఉంటుంది కదా! పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన లేదు, రంగు లేదు.

పెనం స్టెయిన్‌లెస్ స్టీలుదే తీసుకో. జింకు పూత రేకు వద్దు; సీసం కలిసిన పాత సోల్డరుతో అతుకులు వేయించవద్దు, పాప తినే వస్తువు. రసం లోతు అంగుళంన్నరకు తగ్గనివ్వకు, తగ్గితే నిమిషాల్లో మాడుతుంది. నురుగు పొంగితే చిటికెడు వెన్న చాలు. నీళ్ళు మరిగే వేడికి నాలుగు డిగ్రీల సెల్సియస్ పైన సిరప్ తయారవుతుంది. వాతావరణాన్నిబట్టి నీళ్ళు మరిగే వేడీ మారుతుంది కాబట్టి, కాచే రోజున ముందు మంచినీళ్ళు మరిగించి థర్మామీటరు చూసుకో.

రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు మొదలైతేనే రసం కారుతుందట కాబట్టి, పొయ్యిని ఆరుబయటికి మార్చడానికి నీకింకా వ్యవధి ఉంది. పైన రేకు కప్పు ఒక్కటి వేసి, చుట్టూ వదిలేయి. అది ఇంటిగోడకు దూరంగా ఉండాలి. నైలాను కోటు వేసుకుని మంట దగ్గరికి వెళ్ళవద్దని, నూలు బట్టలు కట్టుకోమని అమ్మ మరీమరీ చెప్పమంటోంది. పాపను ఆ చుట్టుపక్కలకు రానివ్వకు. పొయ్యి ఎక్కడ పెట్టావో ఫోటో తీసి ఈ ఆదివారంలోగా బావకు పంపు, నేను అక్కడికి వెళ్ళి చూస్తాను.

ఇట్లు
మీ నాన్న