మా మనవరాలిని గమనించిన వారికి కృతజ్ఞతలు

మా ఊరి అంగన్‌వాడీ టీచరుకు, మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో మా మనవరాలి కుంగుబాటుకు (డిప్రెషన్) చికిత్స చేసిన మానసిక వైద్యురాలికి నలుగురి ఎదుట కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నిరుడు ఉగాది దాటాక మా కూతురు, అల్లుడు పని కోసం పుణె వెళ్తూ నాలుగేళ్ల పాపను మా దగ్గర ఉంచారు. పాలమూరులో పిల్లలను ముసలివాళ్లకు అప్పగించి వలస పోవడం కొత్త కాదు గనుక మేమూ దాన్ని పెద్ద సంగతిగా తలచలేదు. వారం రోజులు ఏడ్చింది. తర్వాత ఏడుపూ ఆగింది, అల్లరీ ఆగింది. పెట్టిందేదో కొంచెం తిని, కూర్చోమన్న చోట కూర్చునే పిల్లను చూసి ‘ఎంత బుద్ధిమంతురాలో’ అని వచ్చినవారికల్లా చెప్పుకొని మురిసింది నేనే. ముప్పై ఏళ్లు బడిపంతులుగా చేసినవాణ్ణి, కదలని పిల్లలంటే నాకు మొదటి నుంచీ మక్కువ.

కడుపునొప్పి అన్నప్పుడు పట్నంలో ఒక డాక్టరు నట్టల మందు, టానిక్కు రాశారు. ఇంట్లో దిష్టి తీశాం. టీచరు మాత్రం రెండో గుడ్డు అడిగే పిల్ల ఉన్న ఒక్కటీ వదిలేయడం, ఆటలో ప్రతిసారీ బొమ్మ చచ్చిపోయిందని గుడ్డ కప్పడం, నీళ్లు ఒలికితే ‘నేను చెడ్డదాన్ని’ అని వణకడం గమనిస్తూ వచ్చారు. అంతకుముందు ఏడు ఒడినిండా తంగేడు పూలు తెచ్చిన పిల్ల ఈసారి బతుకమ్మ నాడు అరుగు దిగలేదు. మరునాడే టీచరు మా ఇంటికి వచ్చి, ‘సారూ, పాప మంచిగ లేదు’ అని, అప్పటికప్పుడు మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సేవ టెలి మానస్ 14416కు నాచేత ఫోన్ చేయించారు.

వైద్యురాలు ముందు వినికిడి, రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించారు. అవి వేరే కారణాలను తోసిపుచ్చడానికేననీ, కుంగుబాటును చూపే రక్తపరీక్ష ఏదీ లేదనీ చెప్పి, మూడుసార్లు పిలిపించి పాప ఆటను చూశారు, మమ్మల్నీ టీచరునూ విడివిడిగా అడిగారు, కూతురితో ఫోనులో మాట్లాడారు. మూడేళ్ల పిల్లలకూ ఈ జబ్బు రావచ్చట. పసిపిల్లల్లో దిగులు రోజంతా ఒకే తీరుగా ఉండదు, మధ్యలో నవ్వి ఆడుకుంటారు కాబట్టి పెద్దలు మోసపోతారనీ, విచారానికి బదులు చిరాకే కనబడవచ్చనీ, ఇష్టమైన వాటిపై ఇష్టం పోవడం గట్టి గుర్తనీ ఆమె వివరించాకే మా బతుకమ్మ నాటి సంగతి నాకు అర్థమైంది.

మందులు రాయలేదు. అమెరికాలో పిల్లల మానసిక వైద్యురాలు జోన్ లూబీ బృందం 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు తల్లిదండ్రులతో కలిపి చేసిన చికిత్స మంచి ఫలితమిచ్చిందని 2018లో ప్రచురించిందట. ఆ దారిలోనే రోజూ కాసేపు పాప చెప్పినట్టు మేము ఆడడం, బాధకూ కోపానికీ పేరుపెట్టి మాట్లాడడం నేర్పారు. ‘నేను మంచిగ లేనని అమ్మ పోయిందా తాతా?’ అని పాప అడిగింది ఆ ఆటల్లోనే. ఆ మాట విని కూతురు పుణె నుంచి వచ్చేసింది.

పోయిన వారం మా పాప నా కళ్లద్దాలను బియ్యం డబ్బాలో దాచి, నేను గంటసేపు వెతుకుతుంటే తలుపు చాటున నిలబడి నవ్వింది. ఆ సంగతి టీచరుకు చెప్పడానికి మరునాడు తెల్లవారగానే వెళ్లాను, ఇంకా అంగన్‌వాడీ తలుపు తీయలేదు.