రాత్రి డ్యూటీలో భోజనం ఎన్నింటికి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. నిద్ర గురించి, సుగర్ గురించి పత్రికల్లో ఏం రాసినా సలహాలన్నీ పడుకునే మనిషికే ఉంటాయి. ఫోన్ పక్కన పెట్టండి, పెందలాడే తినండి, పొద్దున్నే ఎండలో నడవండి అంటారు. మంచి మాటలే. కానీ రాత్రంతా డ్యూటీలో ఉండే నర్సుకో, కాపలా మనిషికో, కాల్ సెంటర్ ఉద్యోగికో ఇందులో ఏది తమ చేతిలో ఉంది? ఏ వేళ వెలుతురు కంట పడాలో, ఏ వేళ ముద్ద నోట్లోకి వెళ్లాలో వాళ్లకు డ్యూటీ చార్టే తేల్చేస్తుంది. అందుకే ఈ లేఖ ఆ చార్టు వేసేవాళ్ల కోసం రాస్తున్నాను. చాలా ఏళ్లు ఆస్పత్రి వార్డుల్లో రాత్రి డ్యూటీలు చేసి రిటైరైన నర్సును నేను.

రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడులో కలుసుకునే చోటికి కాస్త పైన సుమారు 20,000 నాడీకణాల చిన్న గుంపు ఉంటుంది. ఒంట్లో పెద్ద గడియారం అదే. దాన్ని దాని మానాన వదిలేస్తే చాలామందిలో రోజుకు 24 గంటల కన్నా కొన్ని నిమిషాలు ఎక్కువే తీసుకుంటుంది. రోజూ దాన్ని సరిచేసేది వెలుతురు. ఆ పని ముఖ్యంగా చేసే కణాలు కంటిలో వేరే ఉన్నాయని 2002లో తేలింది. వాటిలోని మెలనాప్సిన్ అనే పదార్థం నీలి వెలుగుకు బాగా స్పందిస్తుంది. చూపు పూర్తిగా పోయినా ఈ కణాలు మిగిలినవారు కొందరుంటారు. వాళ్ల గడియారం ఇప్పటికీ పగలూ రాత్రీ తెలుసుకుంటూనే ఉంటుంది. పొద్దుటి వెలుతురు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, రాత్రి పొద్దుపోయాక పడే వెలుతురు వెనక్కి నెడుతుంది. మబ్బు పట్టిన రోజున కూడా బయట వేల లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు ఉంటుంది. లైట్లన్నీ వేసిన గదిలో ఉండేది కొన్ని వందలే. పగలు చీకటిగా, రాత్రి వెలుతురుగా ఉండే భవనాల్లో పనిచేసేవాళ్ల గడియారం దారి తప్పిందంటే అందులో వాళ్ల తప్పేముంది?

వెలుతురు సంగతి కొంతైనా జనానికి తెలిసింది. తిండి వేళల సంగతి ఇంకా తెలియలేదు. కాలేయం, క్లోమం, పేగులు, కొవ్వు, అన్నిటికీ సొంత గడియారాలున్నాయి. అవి మెదడు మాటతో పాటు తిండి వేళల మాట కూడా గట్టిగా వింటాయి. ఎలుకలు రాత్రి తిరిగి పగలు నిద్రపోతాయి. వాటికి పగలు మాత్రమే మేత పెట్టి చూస్తే కొన్ని రోజుల్లో కాలేయం గడియారం తలకిందులైంది, మెదడు గడియారం మాత్రం కదల్లేదు. ఈ ప్రయోగ ఫలితాలు 2000లో వచ్చాయి. మనుషుల మీద చేసిన పరిశోధన 2017లో వెలువడింది. ప్రతి భోజనాన్నీ 5 గంటలు ఆలస్యం చేస్తే రక్తంలో గ్లూకోజ్ ఎక్కేదిగే వేళలు కూడా 5 గంటలకు పైగా వెనక్కి జరిగాయి. మెదడు గడియారం వేళను చూపించే మెలటోనిన్ అనే రాత్రిపూట ఊరే హార్మోన్ మాత్రం తన వేళ మార్చుకోలేదు. కాడికి కట్టిన రెండెద్దులు చెరోవైపు లాగినట్టు, ఒకే ఒంట్లో ఒక అవయవానికి పగలు, ఇంకోదానికి రాత్రి!

పైగా రాత్రిపూట మెలటోనిన్ పెరిగి ఉన్నప్పుడు ఇన్సులిన్ చురుగ్గా రాదు. పొద్దున తిన్న తిండే అర్ధరాత్రి తింటే గ్లూకోజ్ ఎక్కువ పెరుగుతుంది. బోస్టన్ పరిశోధకులు 2021లో ప్రచురించిన ప్రయోగంలో, ప్రయోగశాలలోనే రాత్రి డ్యూటీ లాంటి పరిస్థితి కల్పించారు. రాత్రిపూట కూడా తిన్నవారిలో గ్లూకోజ్ సగటున 6.4 శాతం పెరిగింది. పగలు మాత్రమే తిన్నవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు. పాల్గొన్నది 19 మందే, నిజమే. అయినా పైసా ఖర్చు లేకుండా పాటించగలిగిన ఇలాంటి మార్గాన్ని పక్కన పెట్టడం నాకు అన్యాయంగానే తోస్తుంది. రాత్రి షిఫ్టు పని బహుశా క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చెప్పి, 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట మీద నిలబడింది.

రాత్రి పని ఆపేయమని అనడం లేదు. వార్డును రాత్రి వదిలేసి ఎవరు వెళ్లగలరు? నేను అడిగేవి చిన్న మార్పులే. డ్యూటీ ఎక్కక ముందే కడుపు నిండా తినే వీలుగా క్యాంటీన్ తెరిచి ఉంచండి. అర్ధరాత్రి దాటాక పెద్ద భోజనం కాకుండా కొంచెం, తేలికగా ఉన్నది దొరకాలి. సుగర్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు మాత్రం వైద్యుణ్ని అడగకుండా వేళలు మార్చుకోకూడదు. షిఫ్టులు మార్చేటప్పుడు ఉదయం నుంచి మధ్యాహ్నానికి, అక్కణ్నుంచి రాత్రికి వెళ్లేలా వేయండి. గడియారం సహజంగా కాస్త వెనకబడేదే కనుక ఒళ్లు ఆ క్రమానికి తేలిగ్గా సర్దుకుంటుంది. సాయంత్రం డ్యూటీ దిగినవాళ్లను మర్నాడు ఉదయమే పిలవకండి. డ్యూటీ దిగి ఇంటికి పోయేటప్పుడు ఎండ తగలకుండా నల్ల కళ్లద్దాలు పెట్టుకోమంటారు. నిద్రమత్తులో బండి నడిపేవాళ్లకు ఆ సలహా ప్రమాదం, ముందు వాళ్లకు వాహనం ఏర్పాటు చేయాలి.

రోగుల మాటా చెప్పాలి. ఒక్కరికి సూది వేయడానికి వార్డంతా లైట్లు వేస్తాం. మంచానికో చిన్న లైటు ఉంటే మిగతావాళ్ల నిద్ర చెడదు. కిటికీ లేని ఐసీయూలో పడుకున్నవారికి పగలేదో రాత్రేదో తెలియదు. కొత్త భవనాల నక్షా గీసేటప్పుడే పగటి వెలుతురు మంచం దాకా వచ్చేలా చూడాలి.

వచ్చే నెల చార్టు వేసే ముందు, రాత్రి డ్యూటీ చేసేవాళ్లలో ఒకరిద్దరిని కూర్చోబెట్టుకుని ఎన్నింటికి తింటున్నారో, ఇంటికి పోయి ఎన్ని గంటలు పడుకుంటున్నారో అడగమని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు