తలగాయాలకు మూలకణ చికిత్స: పరిశోధనను సాగనివ్వాలి, అమ్మకాన్ని ఆపాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. రోడ్డు ప్రమాదాల్లో తలకు తీవ్రమైన దెబ్బ తగిలి, ప్రాణం దక్కినా కాలూ చెయ్యీ స్వాధీనంలో లేకుండా ఇంటికి చేరినవారికి ఫిజియోథెరపీ చేయించడం నా వృత్తి. మూలకణాలు (స్టెమ్ సెల్స్, అంటే ఇతర రకాల కణాలుగా మారగల కణాలు) ఎక్కిస్తే దెబ్బతిన్న మెదడు మళ్లీ పుడుతుందట, చేయించమంటారా అని వారి ఇళ్లవాళ్లు ఈమధ్య నన్ను పదే పదే అడుగుతున్నారు. కొన్ని ప్రైవేటు క్లినిక్‌లు సెల్‌ఫోన్లకు పంపే వీడియోలు చూసి, విడతకు లక్షల రూపాయలు కట్టడానికి పొలం బేరం పెట్టిన కుటుంబాన్ని నేను స్వయంగా ఎరుగుదును. ఈ విషయంలో ప్రభుత్వాలూ పత్రికలూ జోక్యం చేసుకోవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఆ క్లినిక్‌లు ఎక్కువగా చూపించే ఆధారం జపాన్. అక్కడి ప్రభుత్వం 2024 జూలై 31న ‘అకూగో’ అనే మూలకణ ఔషధానికి అనుమతి ఇచ్చిన మాట నిజమే, కానీ ఆ అనుమతి వెనుక ఉన్న వివరాలను రోగులకు ఎవరూ చెప్పడం లేదు. శాన్‌బయో సంస్థ దాతల ఎముక మజ్జ నుంచి తీసిన కణాలను ప్రయోగశాలలో మార్పు చేసి, పుర్రెకు చిన్న రంధ్రం వేసి, గాయం చుట్టూ ఉన్న మెదడు కణజాలంలోకి నేరుగా పంపే చికిత్స అది. అమెరికా, జపాన్, ఉక్రెయిన్‌లలో గాయమై కనీసం ఏడాది గడిచినవారి మీద జరిపిన ‘స్టెమ్‌ట్రా’ ప్రయోగంలో 46 మందికి కణాలు ఇచ్చారు, 15 మందికి పోలిక కోసం, కణాలు ఇవ్వకుండా ఉత్తుత్తి శస్త్రచికిత్స మాత్రమే చేశారు. కదలికలను కొలిచే నూరు పాయింట్ల కొలమానం మీద ఆరు నెలలకు మొదటి వర్గం సగటున 8.3 పాయింట్లు, రెండో వర్గం 2.3 పాయింట్లు మెరుగుపడ్డాయి. ఏ కణాలూ అందనివారు కూడా కొంత మెరుగుపడ్డారన్నది గమనించాల్సిన విషయం, ఎందుకంటే పోల్చి చూడటానికి రెండో వర్గమే లేని క్లినిక్‌లో ఆ సహజమైన మెరుగుదల అంతా ఇంజెక్షన్ ఖాతాలోకే పోతుంది. ఈ కణాలనే పక్షవాతం రోగులకు ఇచ్చి చూసిన మరో ప్రయోగం, అనుకున్న ఫలితాన్ని చూపలేదని 2019 జనవరిలో ఆ సంస్థే ప్రకటించింది. జపాన్ ఇచ్చింది కూడా షరతులతో, కాలపరిమితితో కూడిన అనుమతి. అమ్మకానికి తయారుచేసే కణాలు ప్రయోగంలో వాడినవాటితో సమానమని రుజువు చేసేదాకా వాటిని ఆసుపత్రులకు పంపకూడదని ఆనాడే నిబంధన పెట్టారు. ఇంత జాగ్రత్త నడుమ వచ్చిన ఒక ప్రత్యేక ఔషధం పేరు చెప్పి, రోగి సొంత కొవ్వు నుంచో బొడ్డుతాడు నుంచో తీసిన కణాలను వెన్నులోకి ఎక్కించడాన్ని నేను మోసమనే అంటాను.

ఎముక మజ్జ నుంచి వచ్చే ఈ కణాలు కొత్త మెదడు కణాలుగా మారి పోయిన భాగాన్ని భర్తీ చేస్తాయన్న నమ్మకం పరిశోధకుల్లోనే చాలావరకు సడలింది. అవి కొద్దికాలమే బతికి, వాపును తగ్గించే, మిగిలిన కణాలకు ఊతమిచ్చే పదార్థాలను విడుదల చేస్తాయని ఇప్పుడు ఎక్కువమంది భావిస్తున్నారు. హ్యూస్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ వైద్యుడు చార్లెస్ కాక్స్ బృందం, తలకు తీవ్రంగా గాయపడిన 10 మంది పిల్లలకు వారి సొంత ఎముక మజ్జ కణాలను గాయమైన 48 గంటల లోపే ఎక్కించి, అది చేయదగినదేనని, సురక్షితంగానే కనిపించిందని 2011లో నివేదించింది. రక్తనాళంలోకి పంపిన కణాల్లో చాలావరకు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయి కాబట్టి వాటి ప్రభావం ప్రధానంగా రోగనిరోధక వ్యవస్థ ద్వారానే ఉండవచ్చని వారు భావించారు. మరి మూడేళ్ల కిందట గాయపడిన యువకుడికి అదే తరహా ఇంజెక్షన్ అమ్మేవారు ఏ ఆధారంతో అమ్ముతున్నారు?

మూలకణాల మీద నాకు వ్యతిరేకత లేదు. రసాయనాలు పడి చూపు పోయినవారికి, రెండో కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, దానిలోని మూలకణాలతో కార్నియా (కంటి ముందుభాగంలోని పారదర్శక పొర) ఉపరితలాన్ని తిరిగి నిలబెట్టే సులభ పద్ధతిని మన హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2012లో ప్రపంచం ముందు ఉంచింది. అది తెలుగువారందరం గర్వించదగిన పని. అక్కడ పోయింది ఏ కణమో పెట్టింది అదే కణం, ఫలితాన్ని కంటితో చూసి కొలవవచ్చు. ముందరి మెదడు నలిగి, నరాల తంతువులు తెగి, మాట, జ్ఞాపకం, నడక అన్నీ ఒకేసారి దెబ్బతిన్న మనిషి విషయంలో అంత సూటైన మార్గం ఇంకా దొరకలేదు.

మన దేశంలో నిబంధనలు ఉన్నాయి. రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగిలినవన్నీ ప్రయోగ దశలోనే ఉన్నాయని, వాటిని అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్స్‌లోనే (రోగులపై పద్ధతిగా జరిపే ప్రయోగాల్లోనే) ఇవ్వాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. ట్రయల్‌లో చేరిన రోగి నుంచి చికిత్సకు డబ్బు వసూలు చేయకూడదు. ఆటిజం పిల్లలకు మూలకణ చికిత్స చేయడం వృత్తిపరమైన తప్పిదమవుతుందని నేషనల్ మెడికల్ కమిషన్ 2022 డిసెంబరులో తేల్చి చెప్పింది. తలగాయాల విషయంలోనూ అంతే స్పష్టమైన ఆదేశం రావాలి. రెండు తెలుగు రాష్ట్రాల వైద్య మండళ్లు, ఔషధ నియంత్రణ శాఖలు ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా ఇలాంటి ప్రకటనలను తామే పరిశీలించి చర్య తీసుకోవాలి. ఎవరైనా ట్రయల్ అని చెబితే దాని సీటీఆర్ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్‌ను నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) నమోదు సంఖ్య అడిగి, ఇంటర్నెట్‌లో ఉచితంగా సరిచూసుకోవచ్చన్న సంగతిని ప్రతి ప్రభుత్వ ఆసుపత్రి న్యూరోసర్జరీ వార్డు గోడ మీద తెలుగులో రాయించాలి.

కుటుంబాలు క్లినిక్‌ల వలలో ఎందుకు పడుతున్నాయో కూడా ఆలోచించాలి. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 4,43,366 మంది గాయపడ్డారని కేంద్ర రవాణా శాఖ లెక్క. హెల్మెట్ పెట్టుకోకపోవడం వల్ల ఆ ఏడాది చనిపోయినవారే 50,029 మంది. తలగాయంతో బతికి బయటపడినవారికి ఆపరేషన్ అయ్యాక దారి చూపేవారు కరువు. మంచానికి అతుక్కుపోయిన మనిషికి పుండ్లు పడకుండా ఒత్తిగిలించడం, కీళ్లు బిగుసుకోకుండా చూడటం, మింగడం, మాట్లాడటం మళ్లీ నేర్పించడం నెలల తరబడి సాగే పని. ఆ పని చేతగాక, చేసేవారు దొరకక అలసిపోయిన తల్లిదండ్రులకు, ఒక్క ఇంజెక్షన్‌తో అంతా సరిపోతుందన్న మాట ఎంత ఆశగా వినిపిస్తుందో నాకు తెలుసు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉండే పునరావాస విభాగం నెలకొల్పి, ఆ ఖర్చును రెండు రాష్ట్రాల ఆరోగ్య బీమా పథకాల్లో ఇంటికి వెళ్లిన తర్వాతి నెలలకు కూడా వర్తింపజేయాలని కోరుతున్నాను.

చివరిగా మీకూ ఒక విన్నపం. అనుమతి పత్రం చూపించని మూలకణ చికిత్సా కేంద్రాల ప్రకటనలను దయచేసి మీ పత్రికలో, జిల్లా అనుబంధాల్లో స్వీకరించవద్దు.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు,
గుంటూరు