లినక్స్ డ్రైవర్ లేని యంత్రాన్ని ప్రభుత్వం కొనకూడదు: కేంద్ర ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు, అంటే మూల కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్‌కు, ప్రాధాన్యమివ్వాలని మీ శాఖ 2015లో విధానం ప్రకటించింది. విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. దాని ఆధారంగా కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ తెలుగుతో సహా భారతీయ భాషల్లో అందుబాటులో ఉంది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే పిల్లలకు కంప్యూటర్ నేర్పుతున్నాయి. అయితే ఆ సాఫ్ట్‌వేర్ నడవవలసిన యంత్రాలను తయారుచేసే సంస్థలపై ఆ విధానం ఏ బాధ్యతా పెట్టలేదు. ఈ లోటు వల్ల క్షేత్రస్థాయిలో ఏం జరుగుతోందో మీ దృష్టికి తేవడానికే ఈ లేఖ.

నేను ఒక ప్రభుత్వ పాఠశాల కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. అక్కడి ల్యాప్‌టాప్‌లలోని వైఫై చిప్‌ను పనిచేయించే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో లేదు. తయారీ సంస్థ ఎప్పుడో ఒక పాత కెర్నల్‌కు సరిపడే సోర్స్ కోడ్ విడుదల చేసి ఊరుకుంది. భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్‌తో కెర్నల్ మారినప్పుడల్లా ఆ డ్రైవర్‌ను మళ్లీ కంపైల్ చేయాలి, అంటే సోర్స్ కోడ్ నుంచి యంత్రం నడపగల రూపంలోకి మార్చాలి. కొత్త కెర్నల్‌లో డ్రైవర్ వాడుకునే ఏదైనా ఒక ఫంక్షన్ (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క) రూపు మారితే కంపైల్ మధ్యలోనే ఆగిపోతుంది, మరునాడు తరగతికి ఇంటర్నెట్ ఉండదు. దాంతో ఉపాధ్యాయులు అసలు అప్‌డేట్‌లే వద్దంటారు. వారిని తప్పుపట్టలేను గానీ, పిల్లలు వాడే యంత్రాలు భద్రతా లోపాలతో మిగిలిపోతున్నాయి. అదే డ్రైవర్ కెర్నల్ ప్రధాన సోర్స్‌లో చేరి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఎందుకంటే ఫంక్షన్‌ను మార్చినవారే దానిని వాడుకునే డ్రైవర్లన్నింటినీ సరిచేసి పంపాలన్నది కెర్నల్ రూపకర్తల కట్టుబాటు.

డ్రైవర్ సోర్స్ ఇస్తే వ్యాపార రహస్యాలు బయటపడతాయని కొన్ని సంస్థలు అంటాయి. చిప్ డిజైన్‌ను ఎవరూ అడగడం లేదు, ఆ చిప్‌తో ఆపరేటింగ్ సిస్టమ్ ఎలా మాట్లాడాలో చెప్పమంటున్నాం, అంతే. ఏఎండీ 2007లో తన గ్రాఫిక్స్ చిప్‌ల సాంకేతిక పత్రాలను విడుదల చేయడం మొదలుపెట్టింది. బ్రాడ్‌కామ్ 2010లో వైఫై డ్రైవర్ సోర్స్‌ను ఇచ్చింది. చాలాకాలం ససేమిరా అన్న ఎన్విడియా సైతం 2022లో తన గ్రాఫిక్స్ డ్రైవర్‌లోని కెర్నల్ మాడ్యూళ్ల (కెర్నల్‌లో చేరి పనిచేసే భాగాల) సోర్స్‌ను బయటపెట్టింది. హెచ్‌పీ తన ప్రింటర్లకు ఓపెన్ సోర్స్ డ్రైవర్లను ఎంతోకాలంగా అందిస్తోంది. ఇంతమంది చేసిన పనిని మిగిలినవారు చేయలేమంటే ఒప్పుకోనవసరం లేదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని పాత కంప్యూటర్లు విండోస్ 11కు అర్హం కావు. వాటిలో చాలావాటిని లినక్స్‌తో ఇంకా కొన్నేళ్లు నిక్షేపంగా వాడుకోవచ్చు, వాటికి జతచేసిన ప్రింటరూ స్కానరూ కూడా లినక్స్‌తో పనిచేస్తే. ఆ ఒక్క ప్రింటర్ కోసం బాగున్న కంప్యూటర్‌ను మూలన పడేయడం ప్రజాధనాన్ని వృథా చేయడమే.

ల్యాప్‌టాప్‌లు, సర్వర్లు దేశంలోనే తయారుచేసే సంస్థలకు 2023లో కేంద్రం రూ.17,000 కోట్లతో ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించింది. ప్రజల సొమ్ముతో ప్రోత్సాహకం అందుకునే సంస్థను ఒక షరతు అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంది. యంత్రంలోని ప్రతి భాగానికీ డ్రైవర్ లినక్స్ కెర్నల్ ప్రధాన సోర్స్‌లో ఉండాలి. ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) అవసరమైతే దానిని ఎవరైనా పంచుకునేందుకు అనుమతి ఇవ్వాలి. బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌లు విండోస్ లేకుండానే ఎక్కించుకునే వీలుండాలి. ఇకపై ఇచ్చే ప్రోత్సాహకాలకు ఈ షరతును వర్తింపజేయాలని, ప్రభుత్వ కొనుగోళ్లకు ఉద్దేశించిన జెమ్ పోర్టల్‌లో కొనే కంప్యూటర్లు, ప్రింటర్లు, స్కానర్ల నిర్దేశాల్లోనూ చేర్చేలా వాణిజ్య శాఖతో మాట్లాడాలని, ముసాయిదాను ప్రజాభిప్రాయానికి విడుదల చేయాలని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక ప్రభుత్వ పాఠశాల కంప్యూటర్ ల్యాబు నిర్వాహకుడు