అమీర్‌పేట హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి, 'గెట్' గురించి

బంగారు తల్లీ,

పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు ఎలాగో వస్తున్నాయి గానీ 'గెట్' మాత్రం చోటుకో అర్థంతో కనిపించి తికమక పెడుతోందని అన్నావు. కోచింగ్‌లో ఇచ్చిన అర్థాల జాబితాను బట్టీ పడుతున్నానని కూడా చెప్పావు. ఆ కాగితం పక్కన పెట్టమ్మా. బడిలో పిల్లలకు నేను చెప్పేదే నీకూ చెబుతున్నాను: గెట్ పక్కన ఏ మాట ఉందో అది చూడు.

మన 'పట్టు'నే తీసుకో. నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, ముసురు పట్టింది, మియాపూర్ వెళ్లడానికి గంట పట్టింది. వీటికి నీకెవరూ జాబితా రాసివ్వలేదు. 'నిద్ర' అని వినగానే ఆ 'పట్టింది' ఏమిటో తెలిసిపోతుంది. జె.ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషావేత్త 1957లో ఇదే అన్నాడు, మాట ఎలాంటిదో దాని సావాసాన్ని బట్టి తెలుస్తుందని. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారని మనవాళ్లు మనుషుల గురించి అన్నది మాటల విషయంలోనూ నిజమే.

గెట్ తర్వాత ఏదైనా వస్తువు వస్తే దొరకడం, అందడం, తెచ్చుకోవడం. 'ఐ గాట్ ఎ సీట్' అంటే సీటు దొరికింది ('గాట్' అంటే జరిగిపోయినదానికి వాడే గెట్ రూపమే). జలుబు చేసినా 'ఐ గాట్ ఎ కోల్డ్' అనే. ఊరి పేరు వస్తే చేరుకోవడం: 'ఐ గాట్ టు ఉప్పల్ బై నైన్'. ఇల్లు చేరితే మాత్రం మధ్యలో 'టు' ఉండదు, 'ఐ గాట్ హోమ్' అంతే. స్థితిని చెప్పే మాట వస్తే అలా మారడం: గెట్ వెట్ అంటే తడవడం, గెట్ టైర్డ్ అంటే అలసిపోవడం, గెట్ యాంగ్రీ అంటే కోపం రావడం.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది బండ్ల దగ్గర. తెలుగులో బస్సైనా ఆటో అయినా ఎక్కుతాం, దిగుతాం. ఇంగ్లీషులో లేచి నిలబడి నడిచే వీలున్న బస్సు, రైలు, మెట్రో, విమానాలకు గెట్ ఆన్, గెట్ ఆఫ్. వంగి లోపలికెళ్లి కూర్చునే ఆటో, కారులకు గెట్ ఇన్, గెట్ అవుట్. బైకుకి లోపల అంటూ ఏమీ లేదు కదా, పైన కూర్చుంటాం, అందుకే దానికీ గెట్ ఆన్. నువ్వు రాయదుర్గం మెట్రో ఎక్కి హైటెక్ సిటీలో దిగితే 'ఐ గాట్ ఆఫ్ ఎట్ హైటెక్ సిటీ'. మన దేశంలో 'గెట్ డౌన్' అంటాం, ఇక్కడ అందరికీ అర్థమవుతుంది కూడా. బయటి దేశాల వాళ్లతో మాట్లాడేటప్పుడు 'గెట్ ఆఫ్' అను.

ఇప్పుడు చెప్పేది మాత్రం బాగా గుర్తుపెట్టుకో. ఫోన్ గ్లాసు పగిలింది, అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఇచ్చి బాగు చేయించావు అనుకుందాం. 'ఐ రిపేర్డ్ మై ఫోన్' అంటే స్క్రూడ్రైవర్ పట్టుకుని నువ్వే విప్పి బాగు చేశావని వినేవాళ్లు అనుకుంటారు. 'ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్' అనాలి. ముందు ఫోను, తర్వాత రిపేర్డ్. ఆ వరుస తప్పకూడదు. చేసిన మనిషిని చెప్పాలంటే 'టు' వస్తుంది: 'ఐ గాట్ హిమ్ టు చేంజ్ ద గ్లాస్'. మనం 'చేశాను', 'చేయించాను' అని 'ఇంచు' అనే ఒక్క చేర్పుతో చెప్పే తేడాను ఇంగ్లీషు ఇలా గెట్‌తో చెబుతుంది. తెలుగు మీడియంలో చదివానని బాధపడుతుంటావే, ఇలాంటి చోట ఆ తెలుగే నీకు ఆసరా తల్లీ. 'చేయించాను' అని మనసులో వచ్చిందంటే గెట్ కావాలని అర్థం.

రేపు ఉద్యోగంలో అమెరికా వాళ్లు 'హ్యావ్' తర్వాత 'గాట్' బదులు 'గాటెన్' అంటే తప్పనుకోకు. అది పాత రూపమే, అక్కడ నిలిచిపోయింది. బ్రిటన్‌లో మామూలుగా 'గాట్' అంటారు. దరఖాస్తుల్లో, ఆఫీసు ఉత్తరాల్లో మాత్రం గెట్ బదులు 'రిసీవ్' లాంటి మాట రాస్తే బాగుంటుంది.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పెడతారు కదా, అక్కడ ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దొరుకుతుందేమో చూడు. పాత ముద్రణ అయినా ఫరవాలేదు. ఎ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లీషు చెబుతూ, ఆ భాష పరాయిదైన విద్యార్థుల కోసమే దాన్ని తయారుచేశాడు. 1942లో మొదట అక్కడే అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. ఒట్టి అర్థం చెప్పి వదిలేయదు, మాటను వాక్యంలో పెట్టి చూపిస్తుంది.

ఇంటర్వ్యూ టెన్షన్‌లో తిండి మానకు. రోజూ నీకు జరిగిన వాటి మీదే గెట్‌తో నాలుగు వాక్యాలు రాసి వాట్సాప్‌లో పెట్టు. బడి నుంచి రాగానే చూసి, తప్పులుంటే ఫోన్ చేసి చెబుతాను.

ప్రేమతో,
అమ్మ