ఏడాదికోసారి కాదు, బస్తాల లెక్కన చెప్పించండి: ఈపీఏ అడ్మినిస్ట్రేటర్‌కు బహిరంగ లేఖ

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అడ్మినిస్ట్రేటర్ గారికి,

నమస్కారం. ఇదే లేఖను ఇంగ్లీషులో మీ ఆఫీసుకు విడిగా పోస్టు చేశాను. తెలుగులోనూ రాయడానికి కారణం ఉంది. న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్ ఊళ్ళలో పాత ఇళ్ళు కొనుక్కుంటున్న మావాళ్ళలో కొందరికి ఇంటితోపాటు పెల్లెట్ స్టవ్ కూడా చేతికొస్తోంది. పెల్లెట్లంటే రంపపు పొట్టును నొక్కి చేసిన చిన్న కట్టె గుళికలు, వాటిని కాల్చి ఇంటిని వెచ్చబెట్టే పొయ్యి ఇది. గ్యాస్ లైను లేని చోట హీటింగ్ ఆయిల్ ఖర్చు తట్టుకోలేక పాత ఓనర్లు పెట్టించుకున్నవి అవి. ఓనర్ వెళ్ళిపోతాడు, స్టవ్ ఉండిపోతుంది, మాన్యువల్ మాత్రం ఏ సొరుగులోనూ దొరకదు. అప్పుడు అందరూ అడిగేది ఒకటే: దీన్ని ఎన్నాళ్ళకోసారి శుభ్రం చేయాలి?

మేం అడిగిన దుకాణంలో "ఏడాదికోసారి సర్వీసింగ్ చేయించండి, చాలు" అన్నారు. మీ సంస్థ నడిపే బర్న్ వైజ్ కార్యక్రమం కూడా ఏటా నిపుణుడి చేత తనిఖీ చేయించమనే చెబుతుంది. తనిఖీకి ఆ లెక్క సరైనదే. చిక్కేమిటంటే, కొత్తగా స్టవ్ చేతికొచ్చిన మనిషికి తనిఖీ అన్నా శుభ్రం చేయడమన్నా ఒకటే. అక్టోబర్‌లో ఎవరో వచ్చి చూసి వెళ్ళారు కదా, ఇక ఏప్రిల్ దాకా టెన్షన్ లేదనుకుంటాడు. జనవరి వచ్చేసరికి మంట మందగిస్తుంది, అద్దం నల్లబడుతుంది, స్టవ్ దానంతటదే ఆగిపోవడం మొదలవుతుంది.

బూడిదకు క్యాలెండర్‌తో పనిలేదు. ఎంత కాల్చామన్నదే దానికి లెక్క. పెల్లెట్ బస్తా 40 పౌండ్లు, అంటే దాదాపు 18 కిలోలు. 50 బస్తాలు ఒక టన్ను (అమెరికా లెక్కలో టన్ను అంటే 2,000 పౌండ్లు). పెల్లెట్ ఫ్యూయెల్స్ ఇన్‌స్టిట్యూట్ ప్రమాణాల ప్రకారం ప్రీమియం రకంలో బూడిద 1 శాతం దాటకూడదు, స్టాండర్డ్ రకంలో 2 శాతం దాకా ఉండొచ్చు. అంటే ఒక టన్ను కాలిస్తే ప్రీమియంలో 20 పౌండ్ల దాకా, స్టాండర్డ్‌లో 40 పౌండ్ల దాకా బూడిద మిగలొచ్చు. చెట్టు బెరడు ఎక్కువగా కలిసిన పెల్లెట్లయితే బూడిద ఎక్కువ. వారాంతాల్లో మాత్రమే వెలిగించే ఇంటికీ, గట్టి చలిలో రోజుకు రెండు బస్తాలు కాల్చే ఇంటికీ "ఏడాదికోసారి" అని ఒకే మాట ఎలా చెబుతాం?

అన్నిటికంటే ముందు చూడాల్సింది బర్న్ పాట్, అంటే పెల్లెట్లు పడి కాలే ఆ చిన్న గిన్నె. దాని అడుగునా పక్కలా రంధ్రాలుంటాయి, మంటకు గాలి అక్కడినుంచే అందాలి. బూడిదలోని ఇసుకలాంటి ఖనిజాలు వేడికి కరిగి గడ్డకట్టి ఆ రంధ్రాలను మూసేస్తాయి. ఇక్కడివాళ్ళు ఆ గడ్డను క్లింకర్ అంటారు. గాలి తగ్గితే పెల్లెట్లు పూర్తిగా కాలవు, గిన్నెలో పేరుకుంటాయి, మసి పెరుగుతుంది, ఆ మసి పొగగొట్టంలోకి చేరి గాలి ఇంకా తగ్గిపోతుంది. రోజూ వాడే స్టవ్‌కు రోజూ, లేదా రోజు మార్చి రోజు, చల్లారాక ఈ గిన్నెను గీకాల్సిందే. ఐదు నిమిషాల పని. అయినా ఈ ఒక్కటీ చేయనందుకే చాలామంది నిప్పు రాజేసే ఇగ్నైటర్ పోయిందనో మోటారు పోయిందనో మెకానిక్‌ను పిలుస్తారు. గొట్టంలో గాలి లాగుడు తగ్గితే వాక్యూమ్ స్విచ్ పెల్లెట్లు పడకుండా ఆపేస్తుంది, అది చేయాల్సిన పనే చేస్తోంది. పాపం, తిట్లు మాత్రం దానికే.

మిగతావి ఇంత తరచుగా అక్కర్లేదు. బూడిద ట్రే నిండకముందే తీయాలి, చాలా ఇళ్ళలో అది వారానికోసారి పని. పెల్లెట్లు పోసే పెట్టె, అంటే హాపర్, అడుగున చేరే రంపపు పొట్టును అప్పుడప్పుడు ఖాళీ చేయకపోతే పెల్లెట్లను నెట్టే మరకు అడ్డం పడుతుంది. వేడిని గదిలోకి పంపే గొట్టాల వెనక, అడ్డురేకుల చాటున పేరుకునే మెత్తటి బూడిదే పెద్ద తలనొప్పి. అది పైకి కనిపించదు. దాన్నీ, పొగ లాగే ఫ్యాన్ రెక్కలనూ, బయటికి పోయే పొగగొట్టాన్నీ టన్నుకోసారి శుభ్రం చేయమని చాలా మాన్యువల్స్ చెబుతాయి. అసలు పెద్ద శుభ్రం ఎప్పుడు చేయాలన్న దాంట్లోనూ పొరపాటు జరుగుతోంది. అందరూ చలికాలం ముందు చేయిస్తారు. చలి అయిపోగానే చేయాలి. వేసవి తేమను బూడిద పీల్చుకుంటే లోపలి ఇనుము తుప్పు పడుతుంది, హాపర్‌లో మిగిలిన పెల్లెట్లు ఉబ్బి పొడైపోతాయి. ఎలాగూ ఉగాదికి ఇల్లంతా దులుపుతాం, చలి పూర్తిగా తగ్గాక ఏప్రిల్ చివర్లోనో మేలోనో స్టవ్‌ను కూడా ఆ ఖాతాలో వేసుకోవచ్చు.

బూడిద ఎత్తడం గురించీ ఎవరూ చెప్పరు. ఇంట్లో వాడే మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో లాగడం ప్రమాదం. పైకి చల్లారినట్టున్న బూడిదలో నిప్పు రోజుల తరబడి ఉండొచ్చు. మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, ఇంటికి దూరంగా, చెక్క డెక్ మీద కాకుండా నేల మీద పెట్టాలి. కరెంటు పోతే పొగ లాగే ఫ్యాన్ ఆగిపోతుంది, గొట్టం మూసుకుపోయిన స్టవ్ అయితే ఆ పొగ గదిలోకే తన్నుతుంది. కాబట్టి పొగలోని విషవాయువును పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా స్టవ్ వెలిగించకూడదు.

ఇక మీతో పని. 2015లో మీ సంస్థ తెచ్చిన నిబంధనలు పెల్లెట్ స్టవ్‌లను కూడా పరిధిలోకి తెచ్చాయి. ముందు గంటకు 4.5 గ్రాములుగా ఉన్న పొగ నలుసుల పరిమితి, 2020 మే 15 నుంచి 2 గ్రాములకు తగ్గింది. మంచి పనే, కాదనను. కానీ ఆ 2 గ్రాములు ల్యాబ్‌లో పరీక్షించిన స్టవ్‌వి. నెలరోజులుగా గీకని గిన్నెతో ఇంట్లో కాలుతున్న స్టవ్ ఎంత పొగ వదులుతుందో ఆ సర్టిఫికెట్ చెప్పదు. పరిమితి పెట్టి, ఆ పరిమితిలో ఉండే దారి మాత్రం పోగొట్టుకునే వీలున్న పుస్తకంలో వదిలేస్తే సగం పనే అయినట్టు.

ప్రతి కొత్త పెల్లెట్ స్టవ్ హాపర్ మూత లోపలివైపు, వేడికి చెరగని ఒక పట్టిక వేయడం తప్పనిసరి చేయండి. హాపర్ మూతే ఎందుకంటే, స్టవ్ వాడే ప్రతి మనిషీ, ఇల్లు ఎవరి చేతులు మారినా, పెల్లెట్లు పోయడానికి అది తెరవక తప్పదు. ఆ పట్టికలో గడువులు నెలల్లో కాదు, బస్తాల్లో ఉండాలి: గిన్నె ఎన్ని బస్తాలకు, ట్రే ఎన్నిటికి, వేడి గొట్టాలు ఎన్నిటికి, పొగగొట్టం ఎన్నిటికి. ప్రీమియం రకానికి ఒక వరుస, స్టాండర్డ్‌కు ఒక వరుస. గ్రేడు ఉన్న పెల్లెట్లే వాడాలని మీ నిబంధనలే చెబుతున్నాయి, ఆ గ్రేడు బస్తా మీద ముద్రించే ఉంటుంది. కొత్తగా కొలవాల్సిందేమీ లేదు, గ్రేడునూ శుభ్రం చేసే గడువునూ పక్కపక్కన పెట్టడమే.

ఒక్కో మోడల్‌కు ఒక్కో లెక్క అని కంపెనీలు అభ్యంతరం చెబుతాయి. నిజమే, అంకెలు వాళ్ళనే నింపనివ్వండి. సర్టిఫికేషన్ పరీక్ష కోసం అన్ని గంటలు స్టవ్ కాల్చేవాళ్ళకు ఎన్ని బస్తాలకు ఎంత బూడిద చేరుతుందో తెలియకుండా ఉండదు. మీరు నిర్ణయించాల్సింది కొలమానం ఒక్కటే, బస్తా అని.

ఇప్పటికే ఇళ్ళలో ఉన్న స్టవ్‌ల కోసం, కంపెనీలు పాత మోడళ్ళకు కూడా ఇదే పట్టికను స్టిక్కర్‌గా అచ్చువేసి, మోడల్ నంబర్ చెప్పిన ఎవరికైనా ఉచితంగా పంపేలా చూడండి. రాబోయే చలికాలానికి కొత్త నిబంధన రాకపోవచ్చు, స్టిక్కర్ మాత్రం రావచ్చు.

ఇట్లు,
న్యూ హాంప్‌షైర్ నుంచి ఒక తెలుగు గృహస్థు